నడిమి స్పీకరు పుట్టుక, పాట్లు

హోమ్ థియేటర్ కొనేవాళ్లలో చాలామంది ఎడమ, కుడి స్పీకర్లను ఏరికోరి తెచ్చుకుంటారు. నడిమిదాని దగ్గరికి వచ్చేసరికి టీవీ కింద సందులో పట్టేదేదో చూసుకుని సరిపెట్టుకుంటారు. అసలువి రెండే, మూడోది తరవాత తగిలించిందేనన్న నమ్మకం. జరిగింది ఇందుకు తారుమారు. 1933 ఏప్రిల్ 27న బెల్ లాబొరేటరీస్ ఇంజనీర్లు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను తీగల మీదుగా వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలుకు చేర్చారు. అక్కడి వేదిక మీద వాద్యకారులు ఒక్కరూ లేరు. ఎడమన, నడుమ, కుడిన మూడు చోట్ల స్పీకర్లున్నాయంతే. ఆర్కెస్ట్రా నాయకుడు స్టొకోవ్‌స్కీ కూడా ఆ రాత్రి వాషింగ్టన్‌లోనే కూర్చుని మీటలు సర్దాడు. రెండు చానళ్లతోనూ పని జరుగుతుందని ఆ ఇంజనీర్లకు తెలుసు. హాలంతటికీ వినిపించాలంటే మూడు మేలని ప్రయోగాల్లో తేలింది. 1940 నాటి 'ఫాంటాసియా', 1953లో సినిమాస్కోప్‌తో వచ్చిన 'ది రోబ్' చిత్రాలు కూడా తెర వెనక మూడింటినే నమ్ముకున్నాయి. మరి ఇంటికి రెండే ఎందుకొచ్చాయి? గ్రామఫోన్ రికార్డు గాడికి ఉన్నవి రెండే గోడలు. గోడకో చానల్ చొప్పున 1958 నాటికి స్టీరియో రికార్డులు అంగళ్లలోకి వచ్చేశాయి. రెండింటి లెక్క రికార్డు పెట్టిన హద్దే తప్ప చెవి కోరింది కాదు.

రెండు స్పీకర్లకూ ఒకే గొంతు సమానంగా పంపితే అది నడుమ నుంచి వచ్చినట్టే అనిపిస్తుంది కదా, మూడోది దేనికని అడగవచ్చు. అనిపించే మాట నిజమే, కాని దానికి రెండు లోపాలున్నాయి. స్పీకర్లు చెరో 30 డిగ్రీల కోణంలో ఉన్నాయనుకుందాం. ప్రతి చెవికీ అదే మాట రెండుసార్లు చేరుతుంది: దగ్గరి స్పీకరు నుంచి ఒకసారి, తలను చుట్టుకుని అవతలి స్పీకరు నుంచి సుమారు పావు మిల్లీసెకను ఆలస్యంగా మరోసారి. 2,000 హెర్ట్జ్ దగ్గర ఆ పావు మిల్లీసెకను సరిగ్గా సగం కంపనం. అక్కడ రెండు అలలూ ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. హల్లులను పోల్చుకోవడానికి చెవి ఆధారపడే ధ్వనిలో పెద్ద భాగం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గది గోడల ప్రతిధ్వనులు ఆ లోటును కొంత పూడుస్తాయి, పూర్తిగా కాదు. రెండో లోపం సోఫాలో తెలుస్తుంది. అరమీటరు పక్కకు జరిగితే రెండు స్పీకర్ల దూరాల మధ్య దాదాపు అరమీటరు తేడా, అంటే ఒకటిన్నర మిల్లీసెకను. ముందు చేరిన ధ్వని ఎటునుంచి వస్తే మొత్తం అటునుంచే వచ్చిందని మెదడు తీర్మానించుకుంటుందని 1949లో హెల్ముట్ హాస్ వివరంగా చూపాడు. కాబట్టి నటుడు తెర మధ్యలో ఉన్నా, అతని గొంతు దగ్గరి స్పీకరులోకి జారిపోతుంది. ఒక్కరే సరిగ్గా మధ్యన కూర్చుని చూసే ఇంట్లో మాత్రం మంచివి రెండు చాలు. నాసిరకం నడిమి స్పీకరు పెట్టుకోవడం కన్నా, అది లేదని, స్పీకర్లకు ధ్వని పంచే రిసీవర్‌కు చెప్పేయడమే నయం.

నాసి ఎక్కడ మొదలవుతుందంటే, నడిమి పెట్టెను అడ్డంగా పడుకోబెట్టడంలో. 1982లో ఇళ్లకు వచ్చిన డాల్బీ సరౌండ్‌లో నడిమి చానల్ లేదు. 1987లో దాని తరవాతి రూపమైన ప్రోలాజిక్ ఆ చానల్‌ను తెచ్చింది. తీరా వచ్చేసరికి నడిమి స్పీకరు చోట్లో టీవీ కూర్చుని ఉంది. రెండు వూఫర్ల (కిందిస్థాయి ధ్వని పలికేవి) మధ్య ట్వీటర్ (పైస్థాయిది) పెట్టే అమరికను జోసెఫ్ డపోలిటో 1983లో నిలువు పెట్టెకోసం ప్రతిపాదించాడు. తయారీదారులు అలాంటి పెట్టెనే అడ్డంగా తిప్పి టీవీకి జతచేశారు. వూఫర్ల కేంద్రాల మధ్య 30 సెంటీమీటర్లుంటే, 30 డిగ్రీల పక్కన కూర్చున్నవారికి వాటి ధ్వనుల మధ్య 15 సెంటీమీటర్ల తేడా వస్తుంది. దాంతో 1,100 హెర్ట్జ్ ప్రాంతంలో గొంతుకు గండి పడుతుంది. పక్కన కూర్చున్నవారి కోసమే పుట్టిన యంత్రం వాళ్లకే అన్యాయం చేసిందన్నమాట! ట్వీటర్ కిందనే మధ్యస్థాయి ధ్వనికి చిన్న మిడ్‌రేంజ్ ఉన్న త్రీ-వే పెట్టెలో ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

అన్నిటికన్నా మంచి ఎంపిక ఎడమ, కుడి స్పీకర్ల మోడలే మూడోది కూడా తెచ్చి నిలువుగా పెట్టడం. ప్రొజెక్టర్ ఉంటే సినిమా హాల్లోలా సన్నటి రంధ్రాల తెర వెనక పెట్టవచ్చు. తెర పైస్థాయి ధ్వనిని కొంచెం మింగుతుంది, వెలుగూ కాస్త తగ్గుతుంది. ధ్వని లోటును రిసీవర్‌లో సరిచేసుకోవచ్చు. మాటలకే కదా, చిన్నది చాలదా అంటే, సినిమాలో మాటలతో పాటు తెర మీది చప్పుళ్లలోనూ చాలా భాగం దీని మీదే పడుతుంది. 80 హెర్ట్జ్ కింది బరువు సబ్‌వూఫర్‌కు అప్పగించాక పెద్ద పెట్టె అక్కర్లేదు గాని, బొంగురుపోకుండా గట్టిగా పలికే సత్తువ ఉండాలి.

టీవీ కింద పెట్టక తప్పకపోతే బెంగపడనక్కర్లేదు. ధ్వని ఎంత ఎత్తు నుంచి వస్తోందో చెవి అంత నిక్కచ్చిగా పట్టదు. కదిలే పెదవులను చూస్తుంటే గొంతు వాటి దగ్గరికే చేరినట్టు తోస్తుంది. పక్కకు జరపడం మాత్రం కూడదు. అల్మారా లోపలికి తోసేయకుండా పెట్టె ముందుభాగాన్ని అంచు దాకా తెచ్చి, ముఖాన్ని చెవుల వైపు ఎత్తాలి. మూడూ ఒకే వరుసలో గోడకు ఉంటే నడిమిదే మనకు దగ్గర: పక్కవి 3 మీటర్ల దూరంలో ఉంటే ఇది 2.6 మీటర్లే. ఆ 40 సెంటీమీటర్ల తేడాకు ధ్వని ఒక మిల్లీసెకను పైనే ముందొస్తుంది. అందుకే టేపు పట్టి కొలిచి, మూడు దూరాలనూ రిసీవర్‌లో విడివిడిగా నమోదు చేయాలి.