రంగు మాయమైనా చేపలోనే: మలాకైట్ గ్రీన్ ముప్పును ఎలా అంచనా వేస్తారు?

పట్టు, తోలు, కాగితం పరిశ్రమల్లో వాడే మలాకైట్ గ్రీన్‌కు ఆ పేరు ఒక ఆకుపచ్చని రాగి ఖనిజం నుంచి వచ్చింది. పోలిక రంగు వరకే. ఈ రసాయనంలో రాగి లేదు. 1930ల నుంచి దీనిని చేపలకు, వాటి గుడ్లకు పట్టే బూజు నివారణకు కూడా వాడుతూ వచ్చారు. దాంతో కర్మాగారపు మురుగునీటి సమస్య కాస్తా ఆహార భద్రత సమస్యగానూ మారింది.

ఒక రసాయనం పర్యావరణానికి ప్రమాదకరమా అని తేల్చేటప్పుడు నిపుణులు ప్రధానంగా మూడు అంశాలు పరిశీలిస్తారు: అది ఎంతకాలం నిలుస్తుంది, జీవుల శరీరంలో పేరుకుంటుందా, హాని చేస్తుందా. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం మంచినీటిలో ఒక పదార్థం సగానికి తగ్గేందుకు 40 రోజులకు మించి పడితే అది దీర్ఘకాలం నిలిచేదే. చుట్టూ ఉన్న నీటిలోకంటే జలచరాల శరీరంలో దాని సాంద్రత 2,000 రెట్లు మించితే పేరుకుపోయేదిగా పరిగణిస్తారు.

మలాకైట్ గ్రీన్ విషయంలో చిక్కంతా రెండో అంశం దగ్గరే. నీటిలో తేలికగా కరిగే పదార్థాలు సాధారణంగా శరీరపు కొవ్వులో నిలవవు. ఈ రంగు నీటిలో బాగా కరుగుతుంది, ఎండకు క్షీణిస్తుంది కూడా. కాగితంపై చూస్తే పెద్దగా భయపడాల్సిన పని లేదనిపిస్తుంది. కానీ చేప శరీరంలోకి చేరాక ఇది ల్యూకోమలాకైట్ గ్రీన్‌గా మారుతుంది. గ్రీకు భాషలో ‘ల్యూకోస్’ అంటే తెలుపు. పేరుకు తగ్గట్టే దీనికి రంగు ఉండదు. ఈ కొత్త రూపం నీటిని వదిలి కొవ్వును ఆశ్రయిస్తుంది, కండలో నెలల తరబడి మిగిలిపోగలదు. చెరువు అడుగున ప్రాణవాయువు అందని బురదలోని సూక్ష్మజీవులు కూడా ఇదే మార్పు చేయగలవు.

హాని సంగతీ అంతే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ల్యూకో రూపాన్ని క్యాన్సర్ కారకం కాగల పదార్థాల జాబితాలో చేర్చింది. అసలు రంగును మాత్రం వర్గీకరించడానికి ఆధారాలు చాలవని పేర్కొంది. అంటే కొన్న రసాయనాన్ని మాత్రమే పరీక్షించి ఊరుకుంటే అసలు ముప్పు లెక్కలోకే రాదు. అందుకే యూరప్‌లో రెండు రూపాల మొత్తాన్నీ కలిపి కొలుస్తారు. చర్యలకు ప్రాతిపదికగా ఉన్న స్థాయిని కిలోకు 2 మైక్రోగ్రాముల నుంచి 2022 నవంబరులో 0.5కు తగ్గించారు. చేపలు, రొయ్యల సాగులో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్ ఎగుమతిదారులకు ఇది చిన్న విషయం కాదు.

కూరగాయలపై ఈ రంగు పూశారేమో చూసుకోవడానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఒక ఇంటి చిట్కా సూచించింది. ద్రవ పారఫిన్‌లో ముంచిన దూదితో బెండకాయను రుద్దితే, కల్తీ ఉన్నప్పుడు దూది పచ్చబడుతుంది. చేప విషయంలో ఈ చిట్కా పనికిరాదు. అక్కడ మిగిలేది రంగులేని రూపం. దాన్ని పట్టుకోవడానికి ప్రయోగశాల పరికరాలు కావాల్సిందే.