ఫ్రిజ్ చల్లబడట్లేదా? ‘గ్యాస్ అయిపోయింది’ అని నమ్మేముందు ఈ టెస్టులు చేయండి

ఫోన్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంటే మనం ఏం చేస్తాం? సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏ యాప్ ఎంత తింటోందో చూస్తాం. అదే ఫ్రిజ్ చల్లబడకపోతే నేరుగా మెకానిక్‌కి కాల్ చేస్తాం. ఆయన వచ్చి తలుపు తీసి "గ్యాస్ అయిపోయింది" అంటాడు, మనం తలూపుతాం. నిజానికి సింగిల్ డోర్ ఫ్రిజ్ చాలా సింపుల్ మెషీన్. దాని ప్రాబ్లమ్ ఏంటో చాలావరకు ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

మా ఇంట్లో ఉన్నది 190 లీటర్ల డైరెక్ట్ కూల్ మోడల్. ఈ ఎండాకాలం పాలు ఒక్కరోజుకే విరిగిపోవడం మొదలైంది. పాలు పోతే పోయాయి, అందులోనే నాన్న ఇన్సులిన్ కూడా ఉంటుంది. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకడితే ఇక వాడకూడదు. వచ్చిన మెకానిక్ రెండు నిమిషాల్లో గ్యాస్ నింపాలని తేల్చేశాడు. రేపు చెబుతానని పంపించేసి, ఇన్సులిన్‌ని పక్కింటి ఆంటీ వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్కరోజు టెస్టింగ్‌కి కూర్చున్నా.

1. ముందు టెంపరేచర్ కొలవండి

లోపల నాబ్ మీద ఉండే అంకెలు డిగ్రీలు కావు. చాలా మోడల్స్‌లో అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది, అంతే. ఒక చిన్న ఫ్రిజ్ థర్మామీటర్‌ని గ్లాసు నీళ్లలో వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచండి. పొద్దున 5 డిగ్రీలు, అంతకంటే తక్కువ చూపిస్తే ఫ్రిజ్ బాగానే ఉన్నట్టు. మాది 11 చూపించింది.

2. ఫ్రీజర్‌లో మంచు ఎలా ఉందో చూడండి

అసలు క్లూ ఇక్కడే దొరుకుతుంది.

కంప్రెసర్ శబ్దమే లేదా? అయితే ఇది కరెంటు సమస్య. మొదట నాబ్ మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్ లోపలికి ఇరుక్కుపోయిందేమో చూడండి. అది నొక్కి ఉన్నంతసేపు కంప్రెసర్ ఆన్ కాదు. కొన్ని నిమిషాలకోసారి ‘టిక్’ మని ఆగిపోతుంటే లో వోల్టేజీ కానీ, స్టార్టింగ్ రిలే కానీ, కంప్రెసర్ కానీ కారణం కావచ్చు.

ఫ్రీజర్ అంతా సమానంగా మంచు పట్టి, కింది అరలు మాత్రం వెచ్చగా ఉన్నాయా? అయితే గ్యాస్ ఉన్నట్టే. చల్లదనం కిందికి దిగట్లేదు.

కంప్రెసర్ ఆగకుండా నడుస్తున్నా మంచు అసలు లేదా, లేక ఒక మూలే ఉందా? అప్పుడు గ్యాస్ లీకు, పైపులో అడ్డు, కంప్రెసర్ బలహీనపడటం లాంటివి అనుమానించాలి.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఫ్రిజ్‌లో గ్యాస్ బండిలో పెట్రోల్ లాంటిది కాదు, వాడేకొద్దీ అయిపోదు. సీల్ చేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా గ్యాస్ నింపితే కొన్నాళ్లకి మళ్లీ అదే కథ.

మా ఫ్రీజర్‌లో నాలుగు వైపులా వేలు మందాన మంచు పేరుకుపోయి ఉంది. అంటే గ్యాస్ ఉంది. మరి అంత మంచు ఎక్కడి నుంచి వచ్చింది?

3. ఫోన్‌తో డోర్ టెస్ట్

రాత్రి లైట్లన్నీ ఆపేసి, ఫోన్ టార్చ్ ఆన్ చేసి లోపల పెట్టి తలుపు వేయండి. ఎక్కడైనా వెలుగు కనిపిస్తే అక్కడ డోర్ రబ్బరు సరిగ్గా అంటుకోవట్లేదు. టార్చ్ ఆపేసి వీడియో రికార్డింగ్ పెట్టి కూడా మూయండి. తలుపు పడ్డాక లోపలి బల్బు ఆరుతోందో లేదో తెలిసిపోతుంది. మా ఫ్రిజ్‌కి కింద హ్యాండిల్ వైపు మూలలో సన్నటి గీతలా వెలుగు కనిపించింది. ఆ సందులోంచి తేమ గాలి లోపలికి దూరి మంచుగా మారుతోంది. మంచు మందమయ్యేకొద్దీ చల్లదనం బయటికి రాదు. రబ్బరుని సబ్బు నీళ్లతో తుడిచి చూడండి, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. మాది గట్టిపడి వంకర తిరిగింది కాబట్టి మార్పించాం.

4. మంచుని కత్తితో గీకొద్దు

ప్లగ్ తీసి, లోపల గిన్నెలో వేడినీళ్లు పెడితే మంచు దానంతటదే ఊడొస్తుంది. ఫ్రీజర్ పల్చటి అల్యూమినియం గోడల్లోనే గ్యాస్ తిరుగుతుంది. కత్తి మొన దిగితే నిజంగానే గ్యాస్ పోతుంది. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్600ఏ మండే గ్యాస్. మంచు అర సెంటీమీటరు దాటకముందే డీఫ్రాస్ట్ చేయడం మంచిది.

ఈ రెండూ అయ్యాక మర్నాడు థర్మామీటర్ 4 చూపించింది. గ్యాస్ నింపాల్సిన పనే రాలేదు. ఇన్సులిన్ మళ్లీ మా ఫ్రిజ్‌లోకి వచ్చింది. ఫ్రీజర్‌కి దగ్గరగా, వెనక గోడకి ఆనించి మాత్రం పెట్టట్లేదు, అక్కడ గడ్డకట్టే రిస్క్ ఉంది.

5. స్మార్ట్ ప్లగ్‌తో కరెంటు లెక్క

బీఈఈ స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. ఉదాహరణకి 146 యూనిట్లు అనుకుంటే రోజుకి 0.4 యూనిట్లు. మన వంటింటి వేడికి అంతకంటే ఎక్కువే అవ్వొచ్చు. కానీ 80 వాట్ల కంప్రెసర్ ఆగకుండా నడిస్తే రోజుకి 1.92 యూనిట్లు. ఎనర్జీ మీటర్ ఉన్న 16 యాంప్స్ స్మార్ట్ ప్లగ్‌ని ఒక్కరోజు పెట్టి చూస్తే మీ ఫ్రిజ్ ఈ రెండింట్లో దేనికి దగ్గరగా ఉందో తెలుస్తుంది. గ్రాఫ్‌లో ఆన్, ఆఫ్ మెట్లు కనిపించాలి. గీత అసలు కిందికి దిగకపోతే ఎక్కడో తేడా ఉంది. అలాగని రాత్రిపూట ఆఫ్ అయ్యేలా షెడ్యూల్ మాత్రం పెట్టకండి. ఆపాల్సినప్పుడు ఆపే పని థర్మోస్టాట్ చూసుకుంటుంది.

6. రోజూ గుర్తుంచుకోవాల్సినవి

చాలా కొత్త మోడల్స్‌లో వేడి పక్క గోడల్లోంచి బయటికి వస్తుంది, ముట్టుకుంటే వెచ్చగా ఉంటే కంగారు పడొద్దు. మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ చుట్టూ వదలండి. కరెంటు పోతే తలుపు తీయకండి, మూసి ఉంటే దాదాపు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. ప్లగ్ తీశాక మళ్లీ పెట్టడానికి 5 నిమిషాలు ఆగండి.

కొత్తది కొంటుంటే క్లైమేట్ క్లాస్ చూడండి. ‘ఎన్’ అంటే గది వేడి 32 డిగ్రీల వరకే, ‘టి’ అంటే 43 వరకు. విజయవాడ, రామగుండం ఎండలకి ‘టి’ ఉండాల్సిందే. కంప్రెసర్ లేని పెల్టియర్ మినీ ఫ్రిజ్‌లు సాధారణంగా గది వేడి కంటే 15-20 డిగ్రీలే తగ్గిస్తాయి. 40 డిగ్రీల గదిలో 20 దగ్గరే ఆగిపోతాయి. పాలకి, మందులకి అవి పనికిరావు.

మెకానిక్‌ని ఎప్పుడు పిలవాలి?

కంప్రెసర్ స్టార్ట్ కాకపోయినా, ఆగకుండా నడుస్తున్నా మంచు పట్టకపోయినా పిలవాల్సిందే. గ్యాస్ పని, వెల్డింగ్ పని ఇంట్లో ట్రై చేయొద్దు. ‘గ్యాస్ పోయింది’ అంటే మాత్రం మూడు ప్రశ్నలు అడగండి: లీకు ఎక్కడ? దాన్ని ఎలా మూస్తారు? ఈ పనికి గ్యారంటీ ఎన్నాళ్లు? సరైన మెకానిక్ అయితే మూడింటికీ జవాబు చెబుతాడు.