రెక్క నుంచి దవడ దాకా

1952 వేసవిలో బర్కిలీ ప్రొఫెసర్ రే క్లఫ్ సియాటిల్‌లోని బోయింగ్‌కు వేసవి ఉద్యోగానికి వెళ్లాడు. జెట్ విమానం రెక్క ఎంత వంగుతుందో, ఎలా అదురుతుందో తేల్చాలి. దూలాల కోసం పుట్టిన పాత సూత్రాలకు ఆ ఆకారం లొంగలేదు. అక్కడి జాన్ టర్నర్ బృందం, క్లఫ్‌తో కలిసి, రెక్కను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క బిగువు లెక్కగట్టి, అన్నిటినీ మళ్లీ కలిపింది. 1956లో ఆ పద్ధతి అచ్చయింది. 1960లో క్లఫ్ దానికి ఫైనైట్ ఎలిమెంట్ అని పేరుపెట్టాడు.

అదే 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేళ్ల కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చి రక్తప్రసరణ గమనిస్తున్నాడు. పని ముగిశాక తీయబోతే అది ఊడిరాలేదు, ఎముక పట్టేసింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో తొలి రోగి దవడలో పళ్లకు ఆసరాగా టైటానియం స్క్రూలు నాటాడు. 1976లో వైన్‌స్టీన్ బృందం ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిని పంటి ఇంప్లాంట్‌కు వాడడంతో ఈ రెండు దారులూ కలిశాయి.

లెక్క అవసరం ఎందుకొచ్చిందంటే, సహజ దంతానికీ ఎముకకూ నడుమ దాదాపు 0.2 మిల్లీమీటర్ల మెత్తటి పొర ఉంటుంది. నమిలే దెబ్బను అదే కాస్త కాచుకుంటుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. పైగా టైటానియం బిగువు సుమారు 110 గిగాపాస్కల్స్, దవడ పైపొర గట్టి ఎముకది అందులో ఏడెనిమిదో వంతు, లోపలి గుల్ల ఎముకది ఇంకా చాలా తక్కువ. బతికున్న మనిషి దవడ లోపల కొలిచే పరికరం పెట్టలేం.

అందుకే సీటీ స్కాన్ నుంచి దవడ ఆకారం తీసుకుని, లక్షల బుల్లి ముక్కలుగా కోస్తారు. స్క్రూ మరల దగ్గర ముక్కలు మరీ సన్నగా ఉండాలి. ఆపై 100 న్యూటన్ల బలాన్ని ఒకసారి నిటారుగా, మరోసారి 30 డిగ్రీల వాలుగా మోపుతారు. తెరమీద ఎక్కువ ఒత్తిడిని చూపే ఎర్రరంగు దాదాపు ఎప్పుడూ ఒకేచోట, ఇంప్లాంట్ మెడ చుట్టూ ఉన్న గట్టి ఎముకలో చిక్కబడుతుంది. వాలు బలానికి అది ఇంకా ముదురుతుంది. పశువు పక్కకు లాగితే గుంజ కుదురు నేలమట్టం దగ్గరే కదులుతుంది కదా, అలాగే. అందుకే పొడవు పెంచడం కన్నా లావు పెంచడం వల్ల మెడ దగ్గర ఒత్తిడి ఎక్కువగా తగ్గుతుంది.

స్థిరత్వం సంగతి వేరు. నాటిన రోజు స్క్రూను పట్టి ఉంచేది మరల బిగింపే. ఎముక అల్లుకోవడానికి వారాలు, నెలలు పడతాయి. ఈలోగా కదలిక సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు దాటితే ఎముకకు బదులు నారపొర పెరుగుతుంది. ఎముకా స్క్రూ అతుక్కుపోయాయని మోడల్‌లో రాస్తే ఈ జారుడు కనిపించనే కనిపించదు. మొదటి రోజుల లెక్కకు రెంటి మధ్య రాపిడి చూపాలి.

మామూలు మోడల్‌లో ఎముక మారదు, నోట్లో మారుతుంది. భారాన్నిబట్టి పెరుగుతుంది, అరుగుతుంది. కాబట్టి ఎర్రరంగు తీర్పు కాదు. రెండు డిజైన్లలో ఏది మేలో పోల్చిచెప్పడంలోనే ఈ లెక్క బలం. ఇంప్లాంట్ నిజంగా ఎంత బిగుతుగా ఉందో తెలియాలంటే 1996లో మెరెడిత్ బృందం తెచ్చిన అనునాద పరీక్షలాంటిది నోట్లోనే చేయాలి. ఇకమీదట రంగుల బొమ్మ చూపించినప్పుడు రంగు కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: ఎముకకూ స్క్రూకూ మధ్య ఏమని ఊహించారు?