బుడగ పోవాలి, స్టైరీన్ మిగలాలి

విశాఖ చేపల రేవులో ఫైబర్ తెప్పలకు కొదవ లేదు. తెప్ప కట్టేవాళ్లు గ్లాస్ మ్యాట్ పరిచి, మీద పాలిస్టర్ రెజిన్ పూసి, రోలర్‌తో నొక్కి నొక్కి దొర్లిస్తారు. రెజిన్ మ్యాట్‌లోకి ఇంకాలి, లోపల చిక్కిన గాలి బయటికి పోవాలి, అందుకే ఆ తిప్పలు. అయినా ఒకటీ అరా బుడగ మిగిలితే పుట్టీ పెట్టి సరిచేసుకుంటారు. తెప్పకు అది చాలు.

అదే బుడగ 11 వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో మిగిలిందనుకోండి, పుట్టీ పెట్టడానికి చెయ్యి దూరదు. అగ్నిప్రమాద భయం ఉన్నచోట నూనె లేకుండా, రాగి చుట్టల చుట్టూ ఎపాక్సీ రెజిన్ పోతపోసిన డ్రై టైప్ ట్రాన్స్‌ఫార్మర్లు పెడతారు. గట్టిపడిన ఎపాక్సీ మిల్లీమీటరుకు 15 వేల వోల్టులకు పైగానే తట్టుకుంటుంది. గాలి 3 వేల దగ్గరే చేతులెత్తేస్తుంది. పైగా విద్యుత్ ఒత్తిడి బుడగలోనే ఎక్కువగా పడుతుంది. కంటికి కనపడని మెరుపులు అక్కడ పుట్టి, చుట్టూ ఉన్న రెజిన్‌ను కొంచెం కొంచెంగా కొరుకుతాయి. ఇంజనీర్లు దీన్నే పార్షియల్ డిశ్చార్జ్ అంటారు. ఏళ్లు గడిచాక ఒకరోజు చుట్ట మొత్తం కాలిపోతుంది.

రెజిన్‌ను కాసేపు కదపకుండా ఉంచితే గాలి దానంతటదే పైకి రాదా? రాదు. నీటి చిక్కదనం 1 అనుకుంటే, మామూలు ఎపాక్సీ రెజిన్‌ది 25 డిగ్రీల దగ్గర 11 వేల నుంచి 14 వేలు. అంటే తేనెతో సమానం. చిన్న బుడగ అందులో ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. 60 డిగ్రీలకు వేడి చేస్తే ఆ చిక్కదనం వందల్లోకి దిగుతుంది. పైన వాక్యూమ్ పెట్టి ఒత్తిడిని వందో వంతుకు, అంటే దాదాపు 10 మిల్లీబార్లకు దించితే, బుడగ నూరు రెట్లు ఉబ్బుతుంది. వ్యాసం నాలుగున్నర రెట్లకు పైగా పెరుగుతుంది, పైకి లేచే వేగం ఇరవై రెట్లు దాటుతుంది. వేడి, వాక్యూమ్ రెండూ కలిసి పనిచేయాలనేది ఇందుకే.

ఈ పని చేసే డీగ్యాసింగ్ యంత్రం చూడ్డానికి పెద్ద గంగాళంలా ఉంటుంది. గోడ రెండు పొరలు, మధ్యలో వేడి నీళ్లో వేడి నూనో తిరుగుతుంటుంది. హీటర్‌ను నేరుగా తగిలిస్తే గోడను ఆనుకున్న రెజిన్ మాడిపోతుంది. లోపల కవ్వం తిరుగుతుంటుంది. మంచి యంత్రాల్లో రెజిన్‌ను వాలు పళ్లెం మీదుగా పల్చటి పొరగా జారవిడుస్తారు, బుడగకు దూరం తగ్గుతుందని. వాక్యూమ్ పెట్టగానే రెజిన్ నురగెత్తి పొంగుతుంది కాబట్టి గంగాళాన్ని నిండా నింపరు. లైటు వేసిన అద్దం కిటికీలోంచి ఆపరేటర్ ఆ పొంగునే కనిపెట్టి చూస్తుంటాడు. రెజిన్‌ను గట్టిపరిచే హార్డ్‌నర్‌ను చివరిదాకా వేరేగా ఉంచుతారు. ఒకసారి కలిపాక వేడి పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం సుమారు రెట్టింపవుతుంది.

పాలిస్టర్‌తో వ్యవహారం వేరు. అందులో మూడో వంతుకు పైగా స్టైరీన్ అనే, తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర, అంటే విశాఖ మామూలు పగటి ఎండకే, ఒత్తిడి 11 మిల్లీబార్లకు దిగితే స్టైరీన్ మరగడం మొదలెడుతుంది. అప్పుడు కిటికీలో కనిపించే బుడగలు గాలివి కావు. ఇంకా బుడగలొస్తున్నాయి కదా అని పంపు ఆపకపోతే పోయేది సరుకే. ఇంకో చిక్కు కూడా ఉంది. స్టైరీన్ తనంతట తాను గట్టిపడకుండా కలిపే నిరోధకాలు చాలావరకు కరిగిన ఆక్సిజన్ ఉంటేనే పనిచేస్తాయి. గాలిని పూర్తిగా తోడేసి, వేడిగా వదిలేసిన రెజిన్‌కు ఆ కాపలా బలహీనపడుతుంది.

స్టైరీన్ వేడెక్కితే ఏమవుతుందో విశాఖకు వేరే చెప్పనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో ఆవిరి వెలువడింది డీగ్యాసింగ్ యంత్రంలోంచి కాదు, నిల్వ ట్యాంకులోంచి. కానీ రసాయనం అదే. లాక్‌డౌన్‌లో కదలిక లేకుండా పడి ఉన్న స్టైరీన్ తనలో తాను పెనవేసుకుంటూ వేడెక్కింది. ఆ వేడి చర్యను ఇంకా తొందరపెట్టింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ట్యాంకు అడుగున తప్ప పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్ లేదని, నిరోధకం నిల్వ లేదని, శీతలీకరణ రాత్రంతా నడవలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. అడుగున ఉన్న మీటరు చెప్పింది అడుగు సంగతే.

నా దృష్టిలో రెజిన్ గంగాళాల అసలు బలహీనత కూడా ఇదే. చాలాచోట్ల గోడలో తిరిగే నూనె వేడినే చూసి, రెజిన్ వేడి తెలిసిందనుకుంటారు. కవ్వం ఆగితే మధ్యలో వేడి ఒకటి, గోడ దగ్గర ఇంకొకటి. ఇలాంటి యంత్రం కొనేవాళ్లు పంపు ఏ కంపెనీదని అడిగే ముందు, సెన్సార్లు రెజిన్‌లో ఎన్నిచోట్ల ఉన్నాయో, కరెంటు పోయి కవ్వం ఆగిపోతే వేడిని ఎవరు, ఎలా ఆపుతారో అడగాలి. దానికి జవాబు చెప్పలేనివాడి దగ్గర యంత్రం కొనొద్దు.