అన్నమొల్లని బిడ్డ – ఆట చేయు సాయము

మన యాడుబిడ్డలు చిన్ననాట గుజ్జెనగూళ్ళు వండి యాడుకొనుట యెరుగని యిల్లాలు లేదు. ఇసుకయే యన్నము, ఆకులే కూర, ఒకతె వడ్డించును, మరియొకతె తినినట్లు నటించును, ఇల్లంతయు నవ్వులే. ఆ బిడ్డయే పదునాలుగేండ్లు వచ్చిన పిమ్మట కంచముముందు కూర్చుండి మెతుకులు లెక్కించుచు, "నాకు ఆకలి లేదమ్మా" యని దినదినమును లేచిపోవుచుండినచో తల్లి యేమి చేయవలయును?

"రెండు పూటలు మాడినచో తానే తినును" అని పెద్దలు చెప్పుదురు. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. అది పొరపాటు. ఇది మొండితనము గాదు, గారాబమును గాదు. లావగుదునేమో యను భయము మనస్సును పట్టి పీడించు వ్యాధి. 1873లో పారిసున లాసేగు, లండనున విలియం గల్ అను వైద్యులు దీనిని వర్ణించిరి. గల్ దీనికి 'అనొరెక్సియా నెర్వోసా' యని పేరిడెను. బాలురకును ఇది రావచ్చును.

పస్తు శరీరమునే గాక మనస్సును గూడ కుదించును. 1944–45 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, తామై సమ్మతించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారములు చాలీచాలని తిండి పెట్టి పరీక్షించెను. వారిలో పెక్కుమంది నవ్వు మరచిరి, చెలికాండ్రకు దూరమైరి, రేయింబవళ్ళు వారికి తిండి తలపే. కావున మొదటి యౌషధము అన్నమే. ఆట దానికి తోడు మాత్రమే. ఆట యొక్కటియే వ్యాధిని కుదుర్చునని యెవరైన చెప్పినచో నమ్మరాదు.

మరి ఆట చేయు మేలేమి? ఈ వ్యాధి నియమముల పుట్ట. ఇన్ని ముద్దలే, ఈ వేళకే. తప్పినచో తనకు తానే శిక్ష. చికాగో నగరమున వయోలా స్పోలిన్ అను నామె నటన నేర్పుటకై కల్పించిన యాటలు 1963లో గ్రంథముగ వెలువడినవి. ఆ మార్గమున పెరిగిన ఆశునాటకములో ముందు వ్రాసికొన్న మాటలుండవు. తోడివారి మాటను కాదనక, దానికి మరియొకటి చేర్చవలయును. తప్పినచో నవ్వు వచ్చును గాని కీడు రాదు. తప్పినను భయము లేదని బిడ్డకు చెప్పుట వేరు. ఆమె దాని ననుభవించుట వేరు. అందుచేతనే కొన్ని చికిత్సాలయములలో వైద్యముతోపాటు నటనను, ఆటలను గూడ వినియోగించుచున్నారు.

ఇంట మీరును కొంత చేయవచ్చును. భోజనమువేళ ఒక కథ నెత్తుకొని ఒక్కొక్కరొక వాక్యము చేర్చుడు. బరువు, రూపము, తిండి – వీనిని ఆ కథలోనికి రానీయకుడు. భుజించిన పిదప నరగంట బిడ్డకు మిక్కిలి కష్టకాలము. అప్పుడు అద్దపుటాట మంచిది: ఇద్దరెదురెదురుగ కూర్చుండి, ఒకరి చేతుల కదలికను రెండవవారు అద్దమువలె అనుకరింపవలయును. వామనగుంటలును మేలే. పరుగులాటలు వలదు, ఈ వ్యాధిగలవారు తినినది కరగవలెనని శరీరమును మితిమీరి శ్రమపెట్టుట కలదు. ఆమె ఆడనన్నచో బలవంతము చేయకుడు. చిన్నపిల్లలతో మీరాడుడు, ఆమెకొక పీట వేసి యుంచుడు.

మూర్ఛ, గుండె నెమ్మదించుట, ముట్టు నిలిచిపోవుట, మాటిమాటికి వాంతులు, బ్రతుకుపై విరక్తి కనబడినచో జాగుచేయక వైద్యుని జూపుడు. బహుదినములు పస్తున్న బిడ్డకు ఒక్కమారు మిక్కుటముగ పెట్టుటయు ప్రమాదమే. వైద్యుడు చెప్పిన క్రమముననే పెట్టవలయును.

సోదరీమణులారా, తప్పు తల్లిదని యెవరైన నిందించినచో క్రుంగకుడు. కంచముముందు ఆమెతో కూర్చుండువారు మీరే. గుజ్జెనగూళ్ళనాటి యా నవ్వు ఒక్కమారు వినబడినచో, బిడ్డ మరలివచ్చు త్రోవలో నొక యడుగు వేసినదని యెరుగుడు.