ఇంజనుకు ఎంత గాలి కావాలి?

కిందటి వేసవిలో మా మనవడు ఊరికి వస్తూనే సంచిలోంచి ఒక వింత వస్తువు తీశాడు. ఎర్రగా, గరాటు ఆకారంలో ఉన్నది.

"తాతయ్యా, ఇది కొత్తరకం ఎయిర్ ఫిల్టరు. నా మోటారు సైకిలుకు బిగిస్తే ఇంజను బలం పెరుగుతుందట. రెండువేల అయిదువందలు. నచ్చకపోతే వారంలోగా తిరిగి ఇవ్వవచ్చు," అన్నాడు. ఆ డబ్బు వాడు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి ఆరునెలలు కూడబెట్టుకున్నది.

"సరే చూద్దాం. ముందు నీ బండి గాలి ఎందుకు పీలుస్తుందో చెప్పు," అన్నాను. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది!

పిల్లలూ, మీరూ వినండి. ఇంజను లోపల పెట్రోలు మండుతుంది. మంటకు గాలిలోని ప్రాణవాయువు కావాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి అవసరం. గాలికి బరువేమిటని నవ్వకండి. ఒక ఘనపు మీటరు గాలి ఇంచుమించు 1.2 కిలోలు తూగుతుంది. ఈ లెక్కన ఒక్క లీటరు పెట్రోలు మండటానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి! కనక గాలి ఎక్కువ అందితే బలం పెరుగుతుందనే మాట అబద్ధం కాదు. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు తీసుకున్న ఉపాయం అదే. ఇంజను వదిలే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, దానితో గాలిని బలవంతాన లోపలికి తోయించాడు. ఇప్పుడు దానినే టర్బో అంటున్నాం.

అయితే ఫిల్టరు గాలిని తోయదు. వచ్చే గాలికి అడ్డు తగ్గించగలదు, అంతే. ఆ అడ్డు అసలు ఎంత ఉన్నదో చూడాలి కదా? గాలి వెళ్లే దారిలో ఒక రేకు తలుపు ఉంటుంది. నడిపేవాడు చేతితో పిడి తిప్పినప్పుడల్లా తెరుచుకునేది అదే. మామూలుగా బండి నడిచేటప్పుడు అది కొద్దిగానే తెరిచి ఉంటుంది. తూము తలుపు జానెడే ఎత్తి, కాలువ ఎంత వెడల్పుగా తవ్వితే మాత్రం పొలానికి నీళ్లు ఎక్కువ వస్తాయా?

వాడు ఒప్పుకోలేదు. పరీక్ష చేద్దామన్నాడు. నాకు కావలసిందీ అదే.

మా ఊరి బయట వాహనాలు తిరగని మట్టిబాట ఒకటి మిట్ట మీదికి పోతుంది. వాడు పిడి పూర్తిగా తిప్పి మూడుసార్లు ఎక్కాడు. నేను గడియారం పట్టుకున్నాను. సగటున 24 సెకన్లు పట్టింది. మెకానిక్‌ను పిలిచి కొత్త ఫిల్టరు పెట్టించాం. 22 సెకన్లు! మనవడు గంతులు వేశాడు. నేను ఓడిపోయాననే అనుకున్నాను.

ఇంతలో మెకానిక్ విప్పిన పాత ఫిల్టరును రాయిమీద తట్టాడు. ఎర్రమట్టి కుప్పగా రాలింది! రెండేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మేము కొత్తరకాన్ని పాతరకంతో పోల్చలేదన్నమాట. శుభ్రమైన దానిని మురికిదానితో పోల్చాం. వెంటనే కంపెనీ ఫిల్టరే కొత్తది తెప్పించి బిగించాం. మళ్లీ 22 సెకన్లు! నా గడియారానికి అందనంత కొద్ది తేడా ఉంటే ఉండవచ్చు.

"కాని ఆ ఎర్రదానితో బండి ఎంత జోరుగా ఉన్నదో!" అన్నాడు వాడు. నిజమే, అది బుస్సుమని పెద్ద చప్పుడు చేసింది. చెవుల్లో దూది పెట్టుకుని మళ్లీ నడపమన్నాను. ఆ జోరు కాస్తా మాయమయింది!

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో మురికి ఫిల్టర్ల గురించి ఒక నివేదిక ప్రకటించారు. ఫిల్టరు మూసుకుపోయినా కొత్తకాలపు కార్లలో పెట్రోలు ఖర్చు పెద్దగా పెరగలేదు. ఎందుకంటే అందులోని చిన్న కంప్యూటరు వచ్చే గాలిని బట్టి పెట్రోలు సరిచేస్తుంది. వేగం అందుకోవటం మాత్రం ఆలస్యమయింది. అచ్చంగా మా మిట్ట మీద జరిగినట్టే.

"మరి యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలకు ఫిల్టర్లు మార్చారుగా?" అన్నాడు మనవడు. వీడికి చరిత్ర బాగానే వచ్చు.

మార్చిన మాట నిజం. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిషు స్పిట్‌ఫైర్‌లు ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పోరాడాయి. ఇసుక లోపలికి పోతే సిలిండరు గోడలు గరుకు కాగితంతో రుద్దినట్టు అరిగిపోతాయి. అందుకని ముక్కు కింద వోక్స్ అనే పెద్ద ఫిల్టరు తగిలించారు. ఇంజను బతికింది గాని విమానం వేగం తగ్గింది. శత్రువు వెంటబడుతూంటే వేగం తగ్గటం ఎంత ప్రమాదం! ఈజిప్టులో అబూకిర్ దగ్గర విమానాలు బాగుచేసేవారు ఇంతకన్న చిన్నదీ నాజూకయినదీ తయారుచేశారు. పోయిన వేగం కొంత తిరిగి వచ్చింది. గమనించారా, వాళ్లు కూడా ఫిల్టరు తీసి పారెయ్యలేదు!

"నువ్వు కాలేజీకి పోతూ ఎవరితో యుద్ధం చేస్తావురా?" అన్నాను.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. పందేల బండ్లలో ఈ గరాటుకు చల్లగాలి తగిలేలా వేరే దారి చేస్తారు. వీడి బండిలో అది వేడి ఇంజను పక్కనే నిలిచింది. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే, అదే చోటులో నూటికి తొమ్మిది పాళ్లు తక్కువ గాలి పడుతుంది.

ఆరవ రోజున మనవడు ఎర్ర ఫిల్టరును కాగితంలో చుట్టి దుకాణానికి తీసుకుపోయాడు. డబ్బు తిరిగి వచ్చింది. దానితో అరిగిపోయిన వెనక టైరు మార్పించుకున్నాడు.