జిప్ చేసినా ఫొటోల బరువు ఎందుకు తగ్గదు?

మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. చెల్లెలి పెళ్లి ఫొటోలన్నీ ఒక ఫోల్డరులో పెట్టి జిప్ చేశాడట. 820 ఎంబీ ఉన్నది 815 అయింది. "బావా, జిప్ అంటే కుదించడమన్నావు కదా, ఇదేం కుదింపు?" అని నిలదీశాడు.

తప్పు జిప్‌ది కాదు. ఆ ఫొటోలు కెమెరాలోంచి బయటికి వచ్చేటప్పుడే ఒకసారి కుదించుకుని వచ్చాయి.

కుదింపులో రెండు రకాలు. ఒకటి పక్కచుట్ట: బిగించి కట్టినా, విప్పి పరిస్తే పాత పరుపే. రెండోది మామిడి తాండ్ర: బుట్టెడు పళ్లు చాపంత అవుతాయి, రుచి ఉంటుంది, కానీ దాన్నుంచి మళ్లీ పండు రాదు. జిప్ పక్కచుట్ట. ఫొటోల జేపీజీ, పాటల ఎంపీ3 తాండ్ర.

జిప్ చేసే పని చాలా సాదాది. ఒకసారి వచ్చిన మాట మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయదు. 'వెనక ఫలానా చోట ఉంది, అక్కణ్నుంచి ఇన్ని అక్షరాలు తీసుకో' అని గుర్తు పెట్టుకుంటుంది. అందుకే తెలుగులో టైపు చేసిన ఫైళ్లు దాని చేతిలో బాగా చిక్కిపోతాయి. 'తెలుగు' అన్న మూడక్షరాల మాట యూనికోడ్ ఫైలులో సాధారణంగా 18 బైట్లు పడుతుంది, గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్కకు వస్తాయి కాబట్టి. పైగా ఆ గుర్తులన్నీ ఒకే బైటుతో మొదలవుతాయి. తిరిగి తిరిగి వచ్చేదే జిప్‌కు మేత. జేపీజీ తనలోని పునరుక్తిని ముందే పిండేసుకుని ఉంటుంది. ఇక జిప్‌కు మిగిలేదేముంది?

మరి పాట అంతలా ఎలా తగ్గుతుంది? ఆడియో సీడీలో సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, రెండు చానళ్లకూ విడివిడిగా, ఒక్కో కొలతకు 16 బిట్లు రాస్తారు. అయిదు నిమిషాల పాటకు దాదాపు 5 కోట్ల 29 లక్షల బైట్లు. అదే పాట 128 కిలోబిట్ల ఎంపీ3గా 48 లక్షల బైట్లు. పదకొండో వంతు! పోయిందంతా ఎక్కడికి పోయింది?

పెళ్లిలో గట్టిమేళం తలుచుకోండి. తాళి కట్టే వేళ ఎవరో తుమ్మినా, ఏ అపశబ్దం వచ్చినా వినబడకూడదనే కదా డోలు, సన్నాయి ఒక్కసారిగా హోరెత్తుతాయి. తుమ్ము గాలిలో ఉంటుంది, మన చెవికి మాత్రం అందదు. ఎంపీ3 నమ్ముకున్నది సరిగ్గా ఆ చెవినే. జర్మనీలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్లు ఇందుకోసం ఏళ్ల తరబడి చెవి బలహీనతలను పట్టుకుని కూర్చున్నారు. పాటను 1,152 కొలతల చొప్పున ముక్కలు చేసి, ప్రతి ముక్కలో ఏ గట్టి స్వరం ఏ మెల్లని స్వరాన్ని కప్పేస్తోందో లెక్క కడతారు. కప్పుకుపోయేదాన్ని మొరటుగా రాస్తారు, లేదా వదిలేస్తారు. ఒకసారి వదిలేసిన తుమ్ము మళ్లీ రాదు. 128 ఎంపీ3ని 320గా మారిస్తే ఫైలు లావెక్కుతుందే గాని పాట బాగుపడదు.

ఫొటో విషయంలో మోసపోయేది కన్ను. వెలుగునీడల తేడాను పట్టినంత నిశితంగా అది రంగుల తేడాను పట్టలేదు. అందుకని జేపీజీలో మామూలుగా రంగుల వివరాన్ని ముందే పలచన చేస్తారు. తర్వాత బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి, ప్రతి గడిలోని సన్నటి వివరాలను రౌండు చేసేస్తారు. దీని వెనక ఉన్న లెక్కను 1974లో ప్రచురించిన ముగ్గురిలో నాసిర్ అహ్మద్, నటరాజన్‌లతోపాటు కామిశెట్టి రామమోహన్ రావు ఉన్నారు. ఇంటిపేరు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది లెండి.

బాగా కుదించిన శుభలేఖ ఫొటోను నాలుగింతలు పెద్దది చేసి చూడండి. అక్షరాల అంచు చుట్టూ దోమలు ముసిరినట్టు బూడిదరంగు నలుసులు కనిపిస్తాయి. పట్టుచీర జరీ అంచు గళ్లుగళ్లుగా విరిగి ఉంటుంది. దాన్నే దిద్ది, సేవ్ చేసి, మళ్లీ దిద్ది సేవ్ చేస్తూ పోతే దోమలు పెరుగుతాయి.

కాబట్టి అసలు ఫైళ్లను ముట్టుకోకుండా పక్కన పెట్టి, కాపీ మీద పని చేయాలి. తెర మీద చూసుకోవడానికే అయితే 4000 చుక్కల వెడల్పును 1600కు దించండి, నాణ్యత 80 దగ్గర పెట్టండి. పెద్ద సైజులో ప్రింటు వేయించుకునేవాళ్లకు మాత్రం అసలు ఫైలే ఇవ్వాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది తన వంతు కూడా కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టే చేరుతుంది. సొంతంగా రికార్డు చేసుకున్న అమ్మమ్మ పాటల్లాంటివి ఫ్లాక్‌లో దాచుకోవడం మేలు. అది ధ్వనికి పక్కచుట్ట, చాలాసార్లు సగానికి దగ్గరగా తగ్గిస్తుంది.

అంతమాత్రాన ఫొటోలకు జిప్ దండగ కాదు. రెండు వందల ఫైళ్లు ఒకే మూటగా, పేర్లు చెదరకుండా వెళతాయి. ఈమెయిల్‌కు మాత్రం ఒక చిక్కుంది. జోడించిన ఫైలులో ప్రతి మూడు బైట్లూ దారిలో నాలుగక్షరాలవుతాయి. 25 ఎంబీ హద్దు అంటే మనకు దక్కేది 18 చిల్లరే.

మా బావమరిది నలభై ఫొటోలు ఏరి, చిన్నవి చేసి, మెయిల్లో పంపాడు. 820 ఎంబీ పెన్ డ్రైవ్‌లోకెక్కింది. వచ్చే నెల అత్తయ్య వస్తూ పచ్చడి సీసాలతోపాటు తెస్తుందట.